దేశాల పహాణీ

నిన్న శుక్రవారం మధ్యాహ్నం బడిలో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుంటే లైబ్రరీ అటెండరు వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. చంకలో ఎర్రగుడ్డ చుట్టిన లావుపాటి పుస్తకం ఉంది.

"సారు పోయిండు" అన్నాడు.

ఏ సారని నేను అడగలేదు. బాన్సువాడలో పేరు చెప్పకుండా సారు అంటే లైబ్రరీ సారే.

"పొద్దుగాల చాయ తాగుకుంట పేపర్ సదివిండు. మడత పెట్టిండు. కండ్లజోడు తీసి దాని మీద పెట్టిండు. గంతే" అంటూ పుస్తకాన్ని నా బల్ల మీద పెట్టాడు. "గిది మీకియ్యమని పోయిన నెలనే చెప్పిండు. నేనున్నప్పుడు ఇయ్యకు, పోయినంకనే ఇయ్యి అన్నడు."

ఆ పుస్తకం నాకు పదిహేడేళ్ళుగా తెలుసు. పిల్లల్ని పంపేసి, గుడ్డ విప్పి, మనిషి పోయిన దిగులుతో ఊరికే పేజీలు తిప్పాను. దేశానికో పేజీ, ప్రతి పేజీ తెలిసిందే. ఆఖరి పేజీ మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. చూశాక కుర్చీలో కూలబడ్డాను. అందులో ఏ దేశమూ లేదు, ఏ ప్రభుత్వమూ లేదు. మా పొలం ఉంది.

వర్ని వైపు కాలువ కింద మా తూర్పు మడి అది, ఐదెకరాలు. ఆ ఐదెకరాలూ తన తండ్రివని తండాలో ఉండే సోమ్లీ ఎన్నో ఏళ్ళుగా అడుగుతోంది. పట్వారీలు పోయి మండలాలు వచ్చాక మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంది. ఎల్లుండి సోమవారం మండలాఫీసులో విచారణ. ఆమె దగ్గర చీటీ ముక్క కూడా లేదు, మాట చెప్పేవాడు ఒక్కడూ లేడు, ఇక భయమేమిటని మా ఇంట్లో అందరం నిశ్చింతగా ఉన్నాం. నేనూ ఉన్నాను. సోషల్ మాస్టర్ని, న్యాయం ధర్మం అని రోజూ పిల్లలకు చెప్పేవాణ్ణి, నేనూ నిశ్చింతగానే ఉన్నాను.

నిన్న సాయంత్రం ఆయన్ని సాగనంపి వచ్చాను. ఆ పేజీలో ఏముందో చెప్పాలంటే ముందు ఆ మనిషిని చెప్పాలి. లేకపోతే నాకెందుకింత దెబ్బ తగిలిందో ఎవరికీ అర్థం కాదు.

ఆయన నాకు దొరికింది అరవైతొమ్మిదిలో. అప్పుడే ఉద్యోగంలో చేరాను. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది, బళ్ళు మూతపడ్డాయి. నేనేమో కృష్ణ అవతలి నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న వాళ్ళ కొడుకుని. నోరు విప్పితే చాలు, యాస పట్టిచ్చేస్తుంది. హోటల్లో చాయ తాగాలన్నా వేలితో చూపించేవాణ్ణి. గది కిటికీ ఎదురుగోడ మీద 'ఆంధ్రోళ్ళు వెళ్ళిపోవాలె' అని రాసి ఉండేది. అది నన్నే చూసి రాసినట్టు ఉండేది.

ఒకరోజు ఆ గోడను చూడలేక లైబ్రరీకి వెళ్ళి లోపలికి వెళ్ళాలా వద్దా అని మెట్ల మీద నిలబడ్డాను. లోపలి నుంచి సన్నటి మనిషి, చెవి వెనక పెన్సిల్, చంకలో రూళ్ళకర్ర, తల ఎత్తకుండానే అన్నాడు.

"వచ్చి కూసోండ్రి సారు. గీడ కుర్సీలకు ఊరు లేదు."

అది ఆయన నాతో అన్న మొదటి మాట.

నిజాం కాలంలోనూ, ఆ తరువాత కొన్నేళ్ళూ ఆయన ఒక పట్వారీ దగ్గర రాతకోతలు చూసేవాడు. పహాణీ అని, ఏ నంబరు భూమి ఎవరి పట్టా, ఎవరి కబ్జాలో ఉంది, ఈ ఏడు అందులో ఏ పంట ఉంది, పంట లేని బీడైతే పడావు అని ఊరూరికీ ఏటేటా రాసే రిజిస్టరు ఉంటుంది. దాన్ని ఉర్దూలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడట. రోజులు మారాయి, ఆ పని వదిలేసి లైబ్రరీకి వచ్చాడు. ఎందుకు వదిలేశాడని అడిగితే "సూపు తగ్గింది" అనేవాడు. అబద్ధం. అల్లంత దూరాన బస్సు బోర్డు చదివేవాడు.

ఆయనకో జబ్బు ఉండేది. ఎవరేం చెప్పినా "ఎవలన్నరు?" అనేవాడు. ఇంకేమీ అనేవాడు కాదు. ఎండలు ముదిరాయంటే ఎవలన్నరు. పిట్లం బస్సు బ్రేక్‌డౌన్ అయిందంటే ఎవలన్నరు. ఓసారి హోటలాయన "ఇయ్యాల చాయ మస్తుగున్నది సారూ" అంటే, సాసర్లో పోసుకున్న చాయను ఊదుకుంటూ "ఎవలన్నరు?" అన్నాడు. హోటలాయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని "నేనన్న" అన్నాడు. "ఆఁ. గట్ల చెప్పు" అని అప్పుడు తాగాడు.

లైబ్రరీలో ప్రపంచ దేశాల పుస్తకం ఒకటి ఉండేది. అందులో బర్మా ఇంకా ఇంగ్లీషువాళ్ళదే. ఉద్యోగం పరీక్షలకు చదువుకునే వాళ్ళు పిట్లం నుంచీ పెద్ద కొడప్‌గల్ నుంచీ బస్సెక్కి వచ్చి, ఆ పుస్తకం చదివి, తప్పులు రాసి వస్తున్నారని ఈయనకు దిగులు పట్టుకుంది. తనే ఒక పుస్తకం మొదలుపెట్టాడు. పేపర్లు కత్తిరించి, రేడియో విని, దేశానికో పేజీ రాశాడు. రాయడం ఆయనకు ఒక్క పద్ధతిలోనే వచ్చు. పహాణీ పద్ధతి. అందుకే దానికి అందరం దేశాల పహాణీ అని పేరు పెట్టాం.

ఏ దేశం మీద తగాదా ఉంటే ఆ పేజీలో మూడు గడులు గీసేవాడు. మొదటిది కబ్జా, అంటే ఇవాళ రాజధాని ఎవరి చేతిలో ఉంది. రెండోది పట్టా, అంటే కాగితం మీద ఎవరి పేర ఉంది. మూడోది ఒప్పుకున్నవారు. ఢిల్లీ ఎవరిని ఒప్పుకుంది, ఐక్యరాజ్యసమితి ఎవరిని కూర్చోబెట్టింది అనేది అందులో రాసేవాడు. మొదటి రెండు గడుల్లోనూ చెరొక జెండా. రెండు జెండాలూ ఒకే కొలత. రూళ్ళకర్ర పెట్టి, ఒక కన్ను మూసుకుని, రంగు పెన్సిళ్ళతో వేసేవాడు. ఎవరిది న్యాయం అన్న మాట ఆ పుస్తకంలో ఎక్కడా ఉండకూడదు. 'అంటారు' అని రాస్తే అన్నవాళ్ళ పేరు పక్కనే ఉండాలి.

డెబ్బైఒకటిలో చైనా పేజీ చూపించి నాకు పాఠం చెప్పాడు. "పెకింగోళ్ళకు కబ్జా ఉండె. పట్టా ఐక్యరాజ్యసమితిల తైవానోళ్ళ పేర ఉండె. ఇప్పుడు పట్టా మారింది, కబ్జా ఎక్కడిదక్కడనే ఉన్నది. గింతే సారు, మీరు క్లాసుల గంట సేపు చెప్పేది." నేను నవ్వాను గానీ, మరుసటి రోజు క్లాసులో అచ్చం అలాగే చెప్పాను. రైతుల పిల్లలు, ఒక్కసారికే అర్థమైంది.

అంతకుముందు, ఆ అరవైతొమ్మిదిలోనే ఒక మధ్యాహ్నం కాలేజీ కుర్రాళ్ళు పదిమంది లైబ్రరీలోకి దూసుకొచ్చారు. నేను బీరువా వెనక్కి జరిగాను. వాళ్ళు నాకోసం రాలేదు, పుస్తకం కోసం వచ్చారు. మన రాష్ట్రం పేజీలో తెలంగాణ వేరే రాష్ట్రమని రాయమన్నారు. ఆయన పేజీ తీసి చూపించాడు. కబ్జా గడిలో ఉన్న ప్రభుత్వం ఉంది. దాని కింద, వేరే రాష్ట్రం కావాలని ఫలానావాళ్ళు అడుగుతున్నారని పేర్లతో సహా ఉంది.

"గిదేంది సారూ, మీరు మనోళ్ళు కాదా?" అని ఒకడు బల్ల గుద్దాడు.

"నేను మనోన్నే. పుస్తకం అందరిది" అన్నాడు ఆయన.

వారం తిరక్కుండా మా వైపు పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. "ఈ గొడవంతా పుస్తకంలోకి ఎందుకెక్కించారండీ? ఉన్న ప్రభుత్వం ఉండగా అడిగేవాళ్ళ పేర్లు దేనికి?" అని ఆయనా బల్ల గుద్దాడు. అతను వెళ్ళాక సారు రూళ్ళకర్రను గుడ్డతో తుడుచుకుంటూ సంతోషంగా అన్నాడు.

"ఇద్దరికీ కోపమొచ్చింది. కొలత సరిగ్గనే ఉన్నట్టు."

అప్పుడు నాకు ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. ఊరంతా ఏదో ఒక పక్కకు ఒరిగిపోయిన రోజుల్లో నిటారుగా నిలబడిన మనిషి అనుకున్నాను.

ఆ గౌరవానికి ఒక్కసారి గట్టి దెబ్బే తగిలింది. హైదరాబాదు సంస్థానం పేజీలో నిజాం పసుపు జెండా, నడుమ తెల్లటి గుండ్రటి బిళ్ళతో సహా వేశాడు. పక్కనే మువ్వన్నెల జెండా. అదే కొలత, అదే శ్రద్ధ. నేను నిర్ఘాంతపోయాను. నాకంటే ఎక్కువగా అదిరిపడింది ఒక ముసలాయన. రజాకార్ల కాలంలో జైలుకు పోయొచ్చిన మనిషి. పేజీ చూసి భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద కొట్టాడు.

"గా జెండ పట్టుకొనొచ్చి మా అన్నను కొట్టి సంపిన్రు. దాన్ని నువ్వు మన జెండ పక్కన వెట్టినవా? సమానంగ వెట్టినవా?"

సారు లేచి నిలబడ్డాడు. కుర్చీ జరిపి ముసలాయన్ని కూర్చోబెట్టాడు. మంచినీళ్ళిచ్చాడు. తరువాత కలం తీసి, "చెప్పుండ్రి. రాస్త. ఎవలన్నరంటే మీ పేరు రాయాలె, రాయనా?" అన్నాడు. ముసలాయన చాలాసేపు చెప్పాడు. సారు ఒక్క మాట వదలకుండా రాసి, కింద ఆయన పేరు రాసి, చదివి వినిపించాడు. జెండాను మాత్రం చెరపలేదు, చిన్నది చేయలేదు. ముసలాయన పోతూ పోతూ పుస్తకానికి దండం పెట్టాడు. నేను ఆ వారమంతా సారుతో మాట్లాడలేదు. ఎవరు తప్పో చెప్పకుండా ఎలా ఉండగలడు ఈ మనిషి అని మండిపోయాను.

ఇప్పుడు అనుకుంటే సిగ్గుగా ఉంది. ఊరి సంగతైతే మండిపోయాను. మా ఇంటి సంగతి వచ్చినప్పుడు ఆ పద్ధతే నాకు చల్లగా తగిలింది.

అది ఎనభై నాటి మాట. కంబోడియా పేజీ రాస్తున్నాడు. రాజధాని ఒకరి చేతిలో ఉంది. వాళ్ళు వెళ్ళగొట్టిన పాత ప్రభుత్వం వాళ్ళు మాత్రం ఐక్యరాజ్యసమితిలో ఇంకా కుర్చీ వదలలేదు. ఆ పాతవాళ్ళు సొంత జనాన్నే లక్షల్లో చంపారని పేపర్ల నిండా వస్తోంది. మన ఢిల్లీ అప్పుడే కబ్జాలో ఉన్నవాళ్ళను ఒప్పుకుంది. రెండూ ఎర్రజెండాలే. రెండింటి మీదా పసుపు గోపురాలే. ఒకదాంట్లో మూడు, ఒకదాంట్లో ఐదు. ఆయన గోపురాలు లెక్కపెట్టుకుంటూ వేస్తున్నాడు. నేను పక్కన పేపరు చదువుతున్నాను.

సోమ్లీ వచ్చింది. అప్పటికి నలభై దాటి ఉంటుంది. మా మళ్ళలో ఏటా నాట్లకు వచ్చే మనిషే. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది, అయినా లోపలికే వచ్చి ఆయన బల్ల ముందు కింద కూర్చుంది.

"సారూ, నువ్వు గప్పుడు పట్వారీ కాడ రాసెటోనివి గద. మా నాయిన గా చెలుక దున్నంగ సూసినవు గద. తాసిల్దార్ సారుకు గంత మాట చెప్పు."

గా చెలుక అంటే మా తూర్పు మడే. కాలువ నీళ్ళు ఎక్కకముందు అది మెట్ట. ఇరవై యేళ్ళ పైనుంచి ఆ మడి బియ్యమే తింటున్నాం. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని చెవులు రిక్కించాను.

సారు పెన్సిల్ కింద పెట్టలేదు. "పట్టా ఈ సారోళ్ళ నాయినది. కబ్జా మీ నాయినదుండె అని మీరంటున్నరు. రెండు మాటలున్నయి. నేను రెండూ చెప్త" అన్నాడు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. దాచి లాభం లేదు, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. రెండు మాటలుంటే కాగితం ఉన్నవాడిదే గెలుపని సోషల్ మాస్టరుకు తెలియదా?

సోమ్లీ లేవలేదు. బల్ల మీద తెరిచి ఉన్న పేజీలోకి తొంగి చూసింది.

"గీ రెండు ఎర్రబట్టలేంది సారూ?"

ఆయనకు పుస్తకం గురించి ఎవరడిగినా ప్రాణం లేచొస్తుంది. చెప్పాడు. ఒక దేశముంది, దాంట్లో ఇప్పుడు ఉంటున్నవాళ్ళది ఈ జెండా, వాళ్ళు వెళ్ళగొట్టినవాళ్ళది ఈ జెండా, కాగితం ఇంకా వీళ్ళ పేరనే ఉంది అని.

ఆమె రెండు జెండాలనూ వేలితో చూపించింది. "మరి వీళ్ళు ఎట్లొచ్చిన్రు? వాళ్ళు ఎట్లొచ్చిన్రు? గది ఏ గడిల రాస్తవు?"

సారు పెన్సిల్ ఆగిపోయింది.

"మా నాయినను వెళ్ళగొట్టినంక కాయితం రాసిన్రా, కాయితం రాసి వెళ్ళగొట్టిన్రా? గది నీకెరికె గద సారూ. గది రాయనీకె నీ బుక్కుల జాగ లేదా?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఆయన ముఖంలో రక్తం దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. పేపరు పక్కకు పెట్టి "సార్, ఒంట్లో బాగుందా?" అని లేచాను కూడా. ఆయన చెయ్యి ఊపి కూర్చోమన్నాడు. సోమ్లీ కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. పిలిచినప్పుడు ఆయన తహసీల్దారు దగ్గరికి వెళ్ళి రెండు మాటలూ చెప్పివచ్చాడు. దరఖాస్తు కొట్టేశారు.

ఆ తరువాత ఆయన పుస్తకం ముట్టుకోలేదు. కంబోడియా పేజీలో రెండో జెండాకు మూడు గోపురాలకు గాను రెండే ఉండిపోయాయి. సిరాబుడ్డి ఎండిపోయింది. కుర్రాళ్ళు కొత్త దేశాల సంగతి అడిగితే "పేపర్ల సూసుకోండ్రి" అనేవాడు. 'ఎవలన్నరు' అనడం కూడా మానేశాడు. ఆ మాట వినపడకపోతే లైబ్రరీ ఏదో పరాయి చోటులా అనిపించేది. ఓరోజు ఉండబట్టలేక అడిగాను, ఎందుకు రాయడం లేదని.

"గీ బుక్కుల ఒక గడి తక్కువైంది సారు" అన్నాడు.

నేను కంబోడియా గురించే అనుకున్నాను. చంపినవాళ్ళ జెండానూ, వాళ్ళను వెళ్ళగొట్టినవాళ్ళ జెండానూ ఒకే కొలతలో వేయడానికి మనసొప్పడం లేదేమో అనుకున్నాను. పోనీ ఆ గడి కూడా గీయండి అని సలహా ఇచ్చాను. ఎంత తేలిగ్గా ఇచ్చానో! ఆయన నా వంక అదోలా చూసి, "గీస్తే మొదలు మీకే తగుల్తది" అన్నాడు. అదేదో హాస్యం అనుకుని నవ్వాను. నవ్వాను, దేవుడా.

ఆ గడి ఆయన గీశాడు. ఎప్పుడు గీశాడో నాకు తెలియదు. నిన్న చూసిన ఆఖరి పేజీలో నాలుగు గడులున్నాయి. కబ్జా గడిలో మా నాన్న పేరు. జెండా ఉండాల్సిన చోట వరి వెన్ను బొమ్మ. రెండో గడికి పట్టా అన్న మాట కొట్టేసి 'దావా' అని రాశాడు. దాంట్లో సోమ్లీ పేరు, జొన్న కంకి బొమ్మ. స్కేలు పెట్టి కొలిచాను. రెండు బొమ్మలూ ఒకే కొలత. పట్టా గురించి నాలుగో గడిలో ఉంది. దాన్ని ఎర్రసిరాతో గీసి పైన 'ఎట్లొచ్చింది' అని రాశాడు. ఆయన రాసింది రాసినట్టే కింద పెడుతున్నాను.

"ఈ చెలుకలో సోమ్లీ తండ్రి జొన్న వేసిండు. చేను మనిషెత్తు ఉంది. నేను గట్టు మీద నిలబడి చూసిన. పహాణీలో ఆయన పేరు కొట్టేసి, పంట లేదు, పడావు అని రాయమని పట్వారీ చెప్పిండు. రాసిన. పడావు అని రాసిన కలం ఎత్తేసరికి గాలికి చేను చప్పుడైంది. కోత కాంగనే వాళ్ళను వెళ్ళగొట్టిండ్రు. ఖాళీ భూమి అని పటేలు దాన్ని అమ్మిండు. కొన్నాయన పేర పట్టా అయింది. ఎవలన్నరు? నేనన్న."

కింద ఆయన సంతకం. పుస్తకమంతా వెతికాను. పదిహేడేళ్ళ పుస్తకంలో ఆయన తన మాటగా 'నేను' అన్నది ఇంకెక్కడా లేదు, ఆయన సంతకం ఇంకెక్కడా లేదు.

మూడో గడి, ఒప్పుకున్నవారు అన్నది, ఖాళీగా ఉంది.

నాకు మొదట వచ్చింది కోపం. బతికి ఉండగా ఈ మాట చెప్పే ధైర్యం లేదా? తహసీల్దారు ముందు నిలబడి రెండు మాటలు అన్నాడే, ఈ ఒక్క మాట అనలేకపోయాడా? దేశాలన్నిటి కబ్జాలూ కొలిచిన మనిషి, ఒక మనిషి నోటి ముందు కూడు ఎవరు లాగేశారో తనకు తెలిసి, పాతికేళ్ళ పైన నోరు మూసుకున్నాడా? అప్పటికి గానీ నాకు వెలగలేదు, ఏ పక్కా చేరని ఆ పెద్దరికమంతా ఎక్కడినుంచి వచ్చిందో. ఒక్కసారి ఒక పక్కకు రాశాడు. ఆ తరువాత ఇక ఏ పక్కకూ రాయలేకపోయాడు. కోపం అక్కడ ఆగిపోయి, ఏడుపొచ్చింది. చచ్చి కూడా మాట నిలబెట్టుకున్నాడు. గీస్తే మొదలు మీకే తగుల్తది అన్నాడు, తగిలించాడు.

ఇవాళ పొద్దున్నే పుస్తకం తీసుకుని వర్ని బస్సెక్కాను. తూర్పు మడిలో నాట్లు పడుతున్నాయి. నాన్న అప్పుడే మడిలోంచి ఎక్కి, బురద చేతులతోనే గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆడవాళ్ళ వరసలో అందరికంటే ముందు సోమ్లీ. దరఖాస్తు పెట్టిన మనిషినే నాట్లకు పిలుస్తారా ఎవరైనా అని మా అమ్మ గొణుగుతూ ఉంటుంది. ఆమె వరస కట్టినట్టు ఇంకెవరూ కట్టలేరని నాన్న అంటాడు. నా మడిల నేను నాటుకుంటున్న అని సోమ్లీ అంటుందట, నవ్వుతూనే.

నాన్నకు పేజీ చదివి వినిపించాను. అరుస్తాడని సిద్ధపడే వెళ్ళాను. మతిపోయిందా అంటాడు, చచ్చినవాడి రాతకు విలువేంటి అంటాడు, ఇలాంటివన్నీ బస్సులోనే ఊహించుకున్నాను.

నాన్న అరవలేదు. గొడుగు మూశాడు. మడి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మొదటి దుక్కి నేనే దున్నానురా" అన్నాడు. "నాగలి వెనక నడుస్తుంటే అరికాళ్ళు చీరుకుపోయాయి. మీ అమ్మ పసుపు పెట్టి కట్టింది."

దేనికి చీరుకుపోయాయని అడిగాను.

"జొన్న కొయ్యలు. కోసి ఎన్నాళ్ళో కాలేదు. పడావు అని రాసి ఉంది కాగితంలో. పడావు భూమిలో కొయ్యలెందుకుంటాయిరా?"

గట్టు మీద అలాగే కూర్చుండిపోయాను. సారు పేజీ చూసినప్పుడు కూలబడ్డానని చెప్పాను కదా, అది ఇంతకంటే నయం. నాన్నకు తెలుసు. కొన్న ఏడాది నుంచీ తెలుసు. ఒక మనిషి కలంతో తెలుసుకున్నాడు, ఇంకో మనిషి అరికాలితో తెలుసుకున్నాడు. ఇద్దరూ ఒకే అబద్ధాన్ని చెరో వైపు నుంచి మోసుకుంటూ వచ్చారు. మధ్యలో నేను ఆ అన్నం తిని, చదువుకుని, పిల్లలకు పాఠాలు చెప్పాను.

సోమ్లీ నారుకట్ట కోసం గట్టు దగ్గరికి వచ్చింది. ఎర్రగుడ్డ చూసి పుస్తకాన్ని గుర్తుపట్టింది. "సారు పోయిండంట గద" అంది. అవునన్నాను. పేజీ ఆమెకూ చదివాను. మోకాళ్ళ దాకా బురదలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. ఏడుస్తుందో తిడుతుందో తెలియక నేను తల ఎత్తలేదు. విన్నాక ఆమె అడిగింది.

"పచ్చజొన్న. మా నాయిన పచ్చజొన్న ఏసిండు. పచ్చజొన్న అని రాసిండా సారూ?"

పేజీలో జొన్న అని మాత్రమే ఉంది. కలం తీశాను. జొన్న కంకి బొమ్మ కింద 'పచ్చజొన్న' అని రాసి, పక్కన అన్నవారి పేరు సోమ్లీ అని రాశాను. ఎవరన్నారో రాయకుండా ఆ పుస్తకంలో ఏదీ రాయకూడదు.

"ఎల్లుండి నీతో నేనొస్తున్నాను సోమ్లీ. ఈ పుస్తకం కూడా వస్తుంది" అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. నమ్మడానికి ఆమెకు మేం ఇచ్చిన కారణమేముంది?

ఒప్పుకున్నవారు అన్న గడిలో నా పేరు రాశాను. సంతకం చేసి, కింద ఇంకొక పేరు పట్టేంత చోటు వదిలి, కలానికి మూత పెట్టకుండా నాన్న ముందు చాచాను.

నాన్న చేతుల నిండా బురద. నా వైపు చూడకుండా, సోమ్లీ వైపు చూడకుండా, చేతులు పంచెకు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.